వీక్షకునికి ఉచితం... వర్తకునికి వేలం!

నవాగామ్ చీర మీద లాభం వెబ్‌సైట్ల ఖజానాకు చేరుతున్న తీరు

నవాగామ్ (సూరత్): లింబాయత్, డిండోలీ పేటల చేరువలో ఉన్న నవాగామ్‌కూ, అమెరికాలోని సిలికాన్ వ్యాలీకీ పైకి చూస్తే ఏ సంబంధమూ కనిపించదు. ఒకటి మరమగ్గాల మీద, కుట్టు మిషన్ల మీద ఆధారపడి బతికే వలస కుటుంబాల పేట. మరొకటి ప్రపంచంలోకెల్లా సంపన్న కంపెనీల నిలయం. అయితే సూరత్‌లో తయారైన ఒక చీర బొమ్మ వరంగల్‌లోనో, గుంటూరులోనో ఒక గృహిణి సెల్‌ఫోన్ తెర మీద ప్రకటన రూపంలో ప్రత్యక్షమైన ప్రతిసారీ ఈ రెండింటి మధ్య సొమ్ము చేతులు మారుతున్నది. చీర అమ్ముడయిందా లేదా అన్నది తరువాతి సంగతి. వెబ్‌సైట్‌కు చెల్లించవలసిన సొమ్ము మాత్రం అంతకు ముందే ఖాతాలో పడిపోతున్నది.

కృత్రిమ నూలు వస్త్రాలకు సూరత్ దేశంలోనే అతి పెద్ద కేంద్రం. ఇక్కడి మరమగ్గాల మీద నేసిన గుడ్డ రంగుల మిల్లులకు, అక్కడి నుంచి అద్దకానికి, ఎంబ్రాయిడరీకి వెళ్లి, చివరకు రింగ్ రోడ్ మార్కెట్లలో చీరల కట్టలుగా పేరుకుంటుంది. అంచులు, లేసులు కుట్టడం, రాళ్లు అతికించడం వంటి పనులు చాలావరకు ఇళ్లలో మహిళల చేతుల మీదుగా జరుగుతాయి. ఈ పరిశ్రమను ఆశ్రయించి తెలంగాణ జిల్లాల నుంచి తరలివచ్చిన పద్మశాలీ కుటుంబాలు తరతరాలుగా ఈ నగరంలో స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నదంటే ఇక్కడ తెలుగువారి సంఖ్య ఏపాటిదో ఊహించవచ్చు.

ఈ వస్త్రాన్ని దేశమంతటికీ చేర్చినవారు దళారులు, స్థానికంగా ఆడతియాలని పిలిచే కమీషన్ ఏజెంట్లు. హైదరాబాద్ మదీనాలోని టోకు వర్తకునికి సరుకు చూపించడం, ఆర్డరు తేవడం, బాకీ వసూలుకు వెంటపడటం వారి పని. అమ్మకం జరిగితేనే వారికి కమీషన్. ఇప్పుడు చీర ఫోటో తీసి నేరుగా కొనుగోలుదారుకు చూపగల అవకాశం చిన్న వర్తకునికి కూడా లభించింది. మధ్యవర్తి తొలగిపోయాడనే అభిప్రాయం దీనితో బలపడింది. కాని తొలగిపోయినది పాత మధ్యవర్తి మాత్రమే. అతని స్థానంలో కూర్చున్న కొత్త మధ్యవర్తి అమ్మకానికి ముందే కమీషన్ పుచ్చుకుంటాడు. పెద్ద వెబ్‌సైట్ల ఆదాయ రహస్యమంతా ఈ ఒక్క తేడాలోనే ఇమిడి ఉన్నది.

వేల కోట్ల డాలర్ల వ్యాపారం

గూగుల్‌లో వెతకడానికి, యూట్యూబ్‌లో పాట వినడానికి, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో బంధుమిత్రుల ఫోటోలు చూడటానికి సాధారణంగా ఎవరూ రుసుము చెల్లించనవసరం లేదు. అయినా వాటి యజమానుల ఆదాయం అనేక దేశాల బడ్జెట్లను మించిపోయింది. గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ 2024లో ఆర్జించిన మొత్తం ఆదాయం సుమారు 35,000 కోట్ల డాలర్లు. అందులో దాదాపు 26,460 కోట్ల డాలర్లు, అనగా నాలుగింట మూడు వంతులు, ప్రకటనల ద్వారా వచ్చినదే. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌ల యజమాని మెటా ఆదాయం అదే సంవత్సరంలో 16,450 కోట్ల డాలర్లు కాగా, అందులో నూటికి 97 పాళ్లకు పైగా ప్రకటనలదే. వస్తువులు అమ్మే సంస్థగానే అందరూ ఎరిగిన అమెజాన్ సైతం 2024లో ప్రకటనల మీద సుమారు 5,620 కోట్ల డాలర్లు గడించడం విశేషం.

పెద్ద వెబ్‌సైట్లన్నీ ఇదే బాట పట్టాయని చెప్పలేము. వికీపీడియా ప్రపంచంలో అత్యధికంగా చదివే వెబ్‌సైట్లలో ఒకటయినా, ప్రకటనలు లేకుండా ప్రధానంగా విరాళాల మీద నడుస్తున్నది. అయితే అది మినహాయింపు మాత్రమే.

పాత పత్రికల సూత్రమే

పాఠకుని నుంచి తక్కువ పుచ్చుకుని, ఆ పాఠకుని దృష్టిని వ్యాపారులకు అమ్మడం కొత్త సంగతి కాదు. దినపత్రికలు దశాబ్దాలుగా చేస్తున్నదదే. అచ్చు ఖర్చులో కొంత భాగమే పాఠకుడు చెల్లించే వెలలో వస్తుంది. మిగిలినది ప్రకటనదారు భరిస్తాడు. వెబ్‌సైట్ల తొలినాటి ప్రకటనలు కూడా ఈ పద్ధతిలోనే వెలువడ్డాయి. 1994 అక్టోబర్ 27న అమెరికాలో హాట్‌వైర్డ్ అనే వెబ్‌సైట్ ఏటీ అండ్ టీ టెలిఫోన్ కంపెనీ ప్రకటనను ఒక పట్టీ రూపంలో ప్రచురించింది. పత్రికలో కాలమ్ సెంటీమీటర్లకు ఒక ధర ఉన్నట్లు, తెర మీద ఇంత స్థలానికి, ఇంత కాలానికి ఇంత అని వెల కట్టారు. తరువాత వెయ్యిసార్లు కనిపిస్తే ఇంత అనే లెక్క వాడుకలోకి వచ్చింది.

ఈ పద్ధతిలో ప్రకటనదారుకు ఒక చిక్కు ఉన్నది. ప్రకటన ఎందరి కంట పడిందో తెలుస్తుంది గాని, దాని వల్ల ప్రయోజనం ఎంతో తెలియదు. 1998లో గోటూ అనే శోధన వెబ్‌సైట్ దీనికి ఒక పరిష్కారం కనిపెట్టింది. ప్రకటన కనిపించినందుకు కాక, వీక్షకుడు దాని మీద నొక్కినప్పుడే డబ్బు తీసుకోవడం, ఏ మాటకు ఏ ప్రకటన ముందు రావాలన్నది వేలంపాట ద్వారా నిర్ణయించడం ఆ పరిష్కారం. గూగుల్ 2000 అక్టోబర్‌లో 350 మంది ప్రకటనదారులతో యాడ్‌వర్డ్స్ పథకాన్ని ప్రారంభించి, 2002లో నొక్కుకు రుసుము, వేలంపాట పద్ధతులను తానూ చేపట్టింది. అంతటితో ఆగక, వేలంపాటలో ఒక మెలిక పెట్టింది. గూగుల్‌ను ధనరాశిగా మార్చినది ఆ మెలికేనని చెప్పవచ్చు.

కంటికి కనిపించని వేలంపాట

ఒక గృహిణి ‘జార్జెట్ చీర’ అని వెతికిన మరుక్షణంలో వేలంపాట జరిగి ముగిసిపోతుంది. రెప్పపాటు వ్యవధిలో సాగే ఈ తతంగాన్ని ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. ముగ్గురు వర్తకులు పోటీ పడుతున్నారనుకుందాం. ఒక్కొక్క నొక్కుకు మొదటివాడు 12 రూపాయలు, రెండవవాడు 10, మూడవవాడు 8 రూపాయలు ఇస్తామన్నారు. ఊరి సంతలోనయితే 12 రూపాయలవాడే గెలుస్తాడు. ఇక్కడ అలా కాదు. ఎవరి ప్రకటన మీద జనం ఎక్కువగా నొక్కుతారో, ఎవరి వెబ్‌సైట్ మెరుగ్గా ఉన్నదో అంచనా వేసి, ఒక్కొక్కరికీ గూగుల్ మార్కులు వేస్తుంది. మొదటివానికి 5, రెండవవానికి 8, మూడవవానికి 6 మార్కులు వచ్చాయనుకుంటే, పాటను మార్కులతో గుణించగా వారి బలం వరుసగా 60, 80, 48 అవుతుంది. 10 రూపాయలు పాడిన రెండవవానికే అగ్రస్థానం. పైగా అతడు 10 రూపాయలు చెల్లించనక్కరలేదు. తన తరువాతివాని బలం 60ని అందుకోవడానికి అవసరమైన 7 రూపాయల 50 పైసలు చెల్లిస్తే చాలు. రెండవ స్థానంలో నిలిచిన 12 రూపాయలవాడు మాత్రం అదే లెక్కన 9 రూపాయల 60 పైసలు చెల్లించుకోవాలి.

ఇది సూత్రం మాత్రమే. ఆచరణలో మరెన్నో అంశాలు లెక్కలోకి వస్తాయి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలోనూ పాట మొత్తంతో పాటు వీక్షకుడు స్పందించే అవకాశాన్ని, ప్రకటన నాణ్యతను కలిపి చూస్తారు. ఎవరూ నొక్కని ప్రకటనకు స్థలమిస్తే వెబ్‌సైట్‌కు నష్టం. కనుక తనకు గరిష్ఠంగా సొమ్ము తెచ్చే ప్రకటనకే అది పెద్దపీట వేస్తుంది. మార్కులు వేసేదీ వేలం వేసేదీ ఒక్కరే కావడం, లెక్కలు బయటకు తెలియకపోవడం ఇక్కడ గమనించదగిన విషయం. సూరత్ బజారులో బేరం కళ్లెదుట జరుగుతుంది. ఇక్కడ ఎదుటివాడు ఎంత పాడాడో వర్తకునికి ఎన్నడూ తెలియదు.

వెతికేవారు తమంతట తామే తలుపు తట్టిన కొనుగోలుదారులు. అటువంటివారిని తన వద్దకు రప్పించుకోవడానికి గూగుల్ ఎంత ఖర్చయినా వెనుకాడదు. ఐఫోన్లలోని సఫారీలో తన శోధన యంత్రమే ముందుగా ఉండేటందుకు 2022లో యాపిల్‌కు 2,000 కోట్ల డాలర్లు చెల్లించినట్లు అమెరికా న్యాయస్థానంలో జరిగిన విచారణలో వెల్లడయింది.

అమ్ముడుపోతున్నది ఎవరు?

ఫేస్‌బుక్ సంగతి వేరు. అక్కడికి ఎవరూ చీర కోసం వెళ్లరు. చీర కొనే ఆలోచన ఎవరికి కలగవచ్చునో పసిగట్టి చూపడమే దాని విద్య. వీక్షకురాలి వయస్సు, ఊరు, భాష, ఏ వీడియో వద్ద ఎంతసేపు ఆగింది, దేనిని మెచ్చుకున్నది వంటి ఆనవాళ్లన్నీ భద్రమవుతాయి. ఆమె వేరే దుకాణాల వెబ్‌సైట్లలో తిరిగిన జాడలు కూడా, ఆ దుకాణాలవారు తమ పేజీలలో అమర్చుకున్న పిక్సెల్ అనే చిన్న సంకేతం ద్వారా మెటాకు చేరతాయి. ఒక చోట చూసి వదిలేసిన చీర వారం రోజుల పాటు వెంటాడడానికి కారణమిదే.

భారతదేశంలో ఈ వ్యాపారం పుంజుకోవడానికి 2016 సెప్టెంబర్‌లో జియో రాకతో ఇంటర్నెట్ చౌక కావడం ముఖ్య కారణం. పల్లెటూళ్లలో సైతం వీడియోలు చూడటం నిత్యకృత్యమయింది. ఫేస్‌బుక్ 2012లో ఇన్‌స్టాగ్రామ్‌ను, 2014లో వాట్సాప్‌ను కొనుగోలు చేసింది. చీరల వ్యాపారంలో ఈ మూడూ ఒకే గొలుసుగా మారాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో చీర ప్రకటన నొక్కితే వాట్సాప్‌లో వర్తకునితో సంభాషణ మొదలవుతుంది. ధర, రంగు, చిరునామా అన్నీ అక్కడే తేలిపోతాయి. సొంత వెబ్‌సైట్ లేని చిన్న వర్తకునికి ఇది ఎంతో అనువైన ఏర్పాటు. వాట్సాప్‌లో సైతం స్టేటస్‌ల నడుమ ప్రకటనలు చూపనున్నట్లు 2025 జూన్‌లో మెటా ప్రకటించింది.

ఈ సౌకర్యాన్ని తక్కువ చేసి చూడనవసరం లేదు. రోజుకు కొన్ని వందల రూపాయలతో వందల మైళ్ల దూరంలోని కొనుగోలుదారును చేరుకోవడం ఒకప్పుడు నవాగామ్ వంటి పేటలో ఊహకు అందని విషయం. పత్రికలో నిలువెత్తు ప్రకటన, టీవీలో అరనిమిషం పెద్ద కంపెనీలకే సాధ్యమయ్యేవి. ఇంటర్నెట్ ఆ తలుపును చిన్నవారికి తెరిచిందన్నది వాస్తవం. అయితే తలుపు దాటడానికి రుసుము ఎంత, దానిని నిర్ణయించేదెవరు అన్నవే అసలు ప్రశ్నలు.

మిగిలేదెంత?

ఒక లెక్క వేసి చూస్తే సమస్య తీవ్రత బోధపడుతుంది. అంకెలు ఊహించినవే అయినా తీరు మాత్రం వాస్తవానికి దూరం కాదు. సూరత్ వర్తకుడు 350 రూపాయలకు తెచ్చిన చీరను 600 రూపాయలకు అమ్ముతున్నాడనుకుందాం. తేడా 250. ప్యాకింగుకు, కొరియర్‌కు 80 రూపాయలు పోగా 170 మిగలాలి. ప్రకటన మీద ఒక్కొక్క నొక్కుకు 5 రూపాయలు పడి, 25 మంది నొక్కితే ఒకరు కొంటారనుకుంటే, ఒక చీర అమ్మకానికి ప్రకటన ఖర్చు 125 రూపాయలు. అప్పుడు వర్తకునికి చిక్కేది 45 రూపాయలు. అనగా చీర మీద మిగిలిన ప్రతి 170 రూపాయలలో 125 రూపాయలు వెబ్‌సైట్‌కు, 45 రూపాయలు వర్తకునికి.

అదే 50 మందిలో ఒకరు మాత్రమే కొంటే ప్రకటన ఖర్చు 250 రూపాయలకు చేరి, చీరకు 80 రూపాయల చొప్పున నష్టం వస్తుంది. ఇక సరుకు ఇంటికి చేరాక డబ్బు చెల్లించే పద్ధతిలో తిరుగుటపాలు తప్పవు. మొదటి లెక్కలోనే పది ఆర్డర్లలో రెండు వెనక్కి వచ్చాయనుకుందాం. అమ్ముడయిన 8 చీరల మీద తేడా 2,000 రూపాయలు. పది ఆర్డర్లకు ప్రకటన ఖర్చు 1,250, పంపడానికి 800, రెండింటిని వెనక్కి తెప్పించడానికి మరో 160, వెరసి 2,210 రూపాయలు. 450 రూపాయల లాభం రావలసిన చోట 210 రూపాయల నష్టం మిగిలింది. వెబ్‌సైట్‌కు రావలసిన 1,250 రూపాయలలో మాత్రం ఒక్క పైసా తగ్గదు. చీర తిరిగి వచ్చినంత మాత్రాన నొక్కు తిరిగి రాదు కదా!

ఇంతకన్న ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. ఒకే రింగ్ రోడ్ మార్కెట్ నుంచి ఒకే రకం చీర తెచ్చే వర్తకులు వందలమంది. అందరి ఖర్చులూ దాదాపు ఒకటే. 25 నొక్కులకు ఒక అమ్మకం, చీరకు 170 రూపాయల మిగులు ఉన్నప్పుడు ఒక నొక్కుకు అత్యధికంగా 6 రూపాయల 80 పైసల వరకు భరించవచ్చు. 5 రూపాయలు పాడినవానిని దాటడానికి మరొకడు ఐదున్నర పాడతాడు. అతనిని దాటడానికి ఇంకొకడు 6 పాడతాడు. పోటీ పెరిగేకొద్దీ పాట 6 రూపాయల 80 పైసల వైపు జరుగుతూ పోతుంది. ఆ అంకె చేరిన రోజున వర్తకునికి మిగిలేది శూన్యం. పండుగల ముందు, పెళ్లిళ్ల ముహూర్తాల కాలంలో అందరూ ఒకేసారి పాటకు దిగడం వల్ల ధర మరింత చురుకుగా పెరుగుతుంది. వెబ్‌సైట్ ఎవరినీ బలవంతం చేయలేదు, ధరా నిర్ణయించలేదు. వర్తకుల మధ్య పోటీయే వారి లాభాన్ని వెబ్‌సైట్ ఖజానాకు తోలుకుపోతున్నది. వేలంపాటలోని చమత్కారమంతా ఇదే.

కమీషన్ లేని సంతలో...

ఈ బెడద పడలేక పలువురు చిన్న వర్తకులు అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో వంటి అంగళ్ల వెబ్‌సైట్లను ఆశ్రయిస్తున్నారు. అక్కడ కొనుగోలుదారులు సిద్ధంగా ఉంటారు. కాని ప్రకటన అక్కడా వెన్నంటే ఉన్నది. చీర అని వెతికితే వేలాదిగా కనిపించే సరుకులో మొదటి వరుసలో నిలవాలంటే ‘స్పాన్సర్డ్’ అనే ముద్రతో స్థలం కొనుక్కోవలసిందే.

మీషో ఉదాహరణ ఆసక్తికరమైనది. 2015లో బెంగుళూరులో ప్రారంభమైన ఈ సంస్థ 2021లో విక్రేతల నుంచి కమీషన్ తీసుకోవడం మానివేసింది. సూరత్ విక్రేతలకు ఇది గొప్ప ఆకర్షణ అయింది. కమీషన్ లేకుండా సంస్థ ఎట్లా నడుస్తున్నదన్న సందేహానికి సమాధానం సులువే. సరుకు రవాణా సేవల రుసుములు, విక్రేతలు కొనే ప్రకటనలు దాని ప్రధాన ఆదాయ మార్గాలు. ఆ సంస్థ 2025 డిసెంబర్‌లో స్టాక్ మార్కెట్‌లో నమోదయింది. సంతలో కొట్టుకు అద్దె లేదు, కాని కొట్టు ముందు దీపానికి అద్దె ఉన్నది. దీపం లేని కొట్టు వైపు వచ్చేవారు తక్కువ.

ఇతరుల స్థలంలోనూ వాటా

పెద్ద సంస్థలు తమ సొంత పేజీలలోనే కాక ఇతరుల వెబ్‌సైట్లలో కూడా ప్రకటనలు నింపి వాటా తీసుకుంటున్నాయి. 2003లో గూగుల్ ప్రారంభించిన యాడ్‌సెన్స్ ఇందుకు నాంది. వార్తలు, వంటలు, సినిమా కబుర్లు ప్రచురించే చిన్న వెబ్‌సైట్ తన పేజీలో స్థలం కేటాయిస్తే, ప్రకటనలను గూగులే వెతికి తెస్తుంది. వచ్చిన సొమ్ములో 68 శాతం వెబ్‌సైట్‌కు ఇచ్చే పద్ధతి చాలా కాలం అమలులో ఉండి, ఆ తరువాత మారింది. యూట్యూబ్‌లో సాధారణ వీడియోల ప్రకటనల మీద వీడియో తయారు చేసినవారికి 55 శాతం, యూట్యూబ్‌కు 45 శాతం. 2018లో యాడ్‌సెన్స్‌కు తెలుగు భాష అర్హత పొందడంతో తెలుగు వెబ్‌సైట్లకు కూడా ఈ మార్గం తెరుచుకున్నది.

2008లో డబుల్‌క్లిక్ అనే సంస్థను 310 కోట్ల డాలర్లకు స్వాధీనం చేసుకున్న తరువాత ఈ రంగంలో గూగుల్ పట్టు పూర్తిగా బిగిసింది. స్థలం అమ్మే వెబ్‌సైట్ తరఫున ఒక యంత్రం, కొనే వర్తకుని తరఫున మరో యంత్రం, రెండింటి మధ్య వేలం నడిపే బజారు మూడూ ఒకే సంస్థ చేతిలోకి వచ్చాయి. కొనేవాని దళారీ, అమ్మేవాని దళారీ, మార్కెట్ యార్డు యజమాని ఒక్కరే అయితే ధర ఎవరికి అనుకూలంగా పలుకుతుందో రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు.

వార్తా పత్రికలకు ఇది ప్రాణసంకటంగా పరిణమించింది. వార్త సేకరించే ఖర్చు వారిది, దాని చుట్టూ చేరే ప్రకటనల సొమ్ములో పెద్ద వాటా మరొకరిది. భారతీయ డిజిటల్ వార్తా ప్రచురణకర్తల సంఘం చేసిన ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ 2022 జనవరిలో గూగుల్ మీద విచారణకు ఆదేశించింది.

న్యాయస్థానాల మెట్లు

ఇతర దేశాలలో సైతం ఈ గుత్తాధిపత్యం మీద చర్యలు ఊపందుకున్నాయి. శోధన రంగంలో గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలుపుకున్నదని అమెరికా న్యాయమూర్తి అమిత్ మెహతా 2024 ఆగస్టులో తీర్పు ఇచ్చారు. వెబ్‌సైట్ల ప్రకటనల సాంకేతిక రంగంలో కూడా అదే తప్పు చేసిందని మరో న్యాయమూర్తి లియోనీ బ్రింకెమా 2025 ఏప్రిల్‌లో నిర్ధారించారు. అదే సంవత్సరం సెప్టెంబర్‌లో యూరోపియన్ కమిషన్ ఈ రంగానికే సంబంధించి గూగుల్‌కు 295 కోట్ల యూరోల జరిమానా విధించింది.

భారత ప్రభుత్వం 2016 జూన్ నుంచి ఆన్‌లైన్ ప్రకటనల కోసం విదేశీ కంపెనీలకు చెల్లించే మొత్తాల మీద 6 శాతం సమీకరణ సుంకం విధించింది. ఇక్కడ సంపాదించి ఇక్కడ ఆదాయపు పన్ను కట్టని సంస్థల నుంచి కొంతయినా రాబట్టాలన్నది దాని ఉద్దేశం. ‘గూగుల్ పన్ను’గా పేరుపడిన ఈ సుంకం 2025 ఏప్రిల్ 1 నుంచి రద్దయింది. వాట్సాప్ వినియోగదారుల సమాచారాన్ని సోదర సంస్థలతో పంచుకునే విధానం మీద కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబర్‌లో మెటాకు 213 కోట్ల 14 లక్షల రూపాయల జరిమానా విధించింది. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చేసిన చట్టం కింద నిబంధనలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి. ఇవన్నీ అవసరమైన చర్యలే అయినా, వేలంపాటలో వర్తకుని వాటా ఎంత అన్న ప్రశ్నను వీటిలో ఏదీ నేరుగా తాకలేదు.

నకిలీ ప్రకటనల బెడద

నిజాయితీపరుడైన వర్తకునికి మరో ప్రత్యర్థి మోసగాడు. పట్టుచీర బొమ్మ చూపి ఏదో గుడ్డ పంపేవాడు, లేదా ఏమీ పంపనివాడు సరుకు మీద పెట్టుబడి పెట్టడు కనుక ఎంత ధరకైనా పాడగలడు. అతని పాట వల్ల మిగిలినవారికి ధర పెరుగుతుంది. అతని చేతిలో మోసపోయిన గృహిణి తరువాత కనిపించే ఏ సూరత్ చీరనూ నమ్మదు. 2024లో తన ఆదాయంలో దాదాపు పదవ వంతు మోసపూరిత ప్రకటనలు, నిషిద్ధ వస్తువుల ప్రకటనల నుంచి రావచ్చునని మెటా అంతర్గత పత్రాలలో అంచనా వేసుకున్నట్లు రాయిటర్స్ వార్తాసంస్థ 2025 నవంబర్‌లో వెల్లడించింది. అది స్థూలమైన అంచనా అనీ, అసలు అంకె అంతకన్న తక్కువనీ మెటా వివరణ ఇచ్చింది.

ఉత్తుత్తి నొక్కుల సమస్య మరింత పాతది. కొనే ఉద్దేశం లేకుండా మనుషుల చేత, యంత్రాల చేత నొక్కించి ప్రత్యర్థి సొమ్ము కరిగించే ఎత్తుగడల మీద వచ్చిన దావాను 2006లో గూగుల్ 9 కోట్ల డాలర్లకు పరిష్కరించుకున్నది. అటువంటి నొక్కులను పట్టుకునే యంత్రాంగం నాటికీ నేటికీ ఎంతో మెరుగుపడినా, ఏది అసలు, ఏది నకిలీ అని తేల్చే అధికారం వెబ్‌సైట్‌దే. వర్తకుడు చూడగలిగినది చివరి బిల్లు మాత్రమే.

పాత చిరునామా పుస్తకమే రక్ష

ఈ పరిస్థితిలో చిన్న వర్తకునికి దారి లేకపోలేదు. వేలంపాటలో గెలిచి తెచ్చుకున్న కొనుగోలుదారు రెండవసారి కొన్నప్పుడు వెబ్‌సైట్‌కు చెల్లించవలసినది ఏమీ ఉండదు. మొదటి చీర మీద 45 రూపాయలే మిగిలినా, అదే గృహిణి సంక్రాంతికి మరొకటి, బతుకమ్మకు ఇంకొకటి నేరుగా ఫోను చేసి తెప్పించుకుంటే ఒక్కొక్క దాని మీద 170 రూపాయలు మిగులుతాయి. కనుక ప్రకటన ఖర్చును అమ్మకం ఖర్చుగా కాక, పరిచయం ఖర్చుగా చూడగలిగినవారే ఈ పోటీలో నిలదొక్కుకుంటారు. చెప్పిన గుడ్డనే పంపడం, పాత కొనుగోలుదారుల ఫోన్ నంబర్ల పుస్తకాన్ని వారి అనుమతితో జాగ్రత్తగా నిర్వహించుకోవడం, ఎదుటివాని వద్ద దొరకని నమూనా తయారు చేయించుకోవడం ఇందుకు సాధనాలు. అందరి వద్దా ఉండే చీరకు వేలంపాట తప్పదు. ఒకరి వద్దనే దొరికే చీరకు దాని అవసరం తక్కువ.

ఆ విషయంలో నవాగామ్, లింబాయత్ ప్రాంతాల తెలుగు కుటుంబాలకు ఒక అనుకూలత ఉన్నది. సూరత్ సరుకు గుణదోషాలు వారికి చేతివేళ్లకు తెలుసు. తెలుగు గృహిణి అభిరుచి ఇంట్లోనే తెలుసు. స్వస్థలాలలో బంధువుల, ఇరుగుపొరుగుల మాట సాయం ఉన్నది. ఈ మాట సాయాన్ని ఏ వెబ్‌సైట్ కూడా వేలం వేయలేదు.

ఆడతియా కమీషన్ భారమని వర్తకులు గొణుక్కున్న రోజులు ఉన్నాయి. అయితే అతనికొక చిరునామా ఉండేది. లెక్క తేడా వస్తే దుకాణం మెట్లెక్కి నిలదీయగలిగేవారు. కొత్త దళారీ సముద్రాల అవతల ఉన్నాడు, అతని లెక్క అతనికే తెలుసు. వీక్షకునికి ఉచితమని చెబుతున్న తెర మీద ప్రతి దృశ్యానికీ వెల కట్టినవారు ఎక్కడో ఒకచోట ఉన్నారు. ఆ వెల చివరకు చీర ధరలోనో, చీర అమ్మినవాని లాభంలోనో, అంచు కుట్టిన మహిళ కూలిలోనో తేలుతుంది. ఎవరి నుంచి ఎంత అన్న లెక్క బహిరంగంగా చెప్పవలసిన బాధ్యత వేలం వేసేవారి మీద పడేంత వరకు, వేలంపాటలో కూర్చునే ముందు తన లెక్క తాను వేసుకోవడమే నవాగామ్ వర్తకునికి మిగిలిన మార్గం.